వినియోగదారు సేవ, పని నిబద్ధత: వివిధ దేశాల తీరు

వస్తువు కొన్నవారికి, లేదా బ్యాంకు, ఆస్పత్రి, రైల్వే స్టేషను, ప్రభుత్వ కార్యాలయం వంటి చోట్లకు పని మీద వెళ్లినవారికి అక్కడి సిబ్బంది నుంచి అందే సమాచారం, సాయం, మర్యాద, పొరపాటు జరిగితే దొరికే పరిష్కారం, వీటన్నిటినీ కలిపి వినియోగదారు సేవ అంటారు. పై అధికారి చూసినా చూడకపోయినా పనిని వేళకు, సరిగ్గా, పూర్తిగా చేయాలన్న పట్టింపు పని నిబద్ధత. మొదటిది పని మీద వచ్చినవారి అనుభవం, రెండోది పని చేసేవారి నడత. ఒకటి లేకుండా రెండోది ఎక్కువ కాలం నిలవదు.

జపాన్ వాళ్లు మర్యాదస్తులని, జర్మన్లు ముభావంగా ఉంటారని, మనవాళ్లకు పని మీద శ్రద్ధ లేదని తరచూ వింటాం. దేశాల మధ్య తేడాలున్న మాట నిజమే. అయితే వాటి మూలాలను జాతి స్వభావంలో వెతికితే దొరకవు. సేవ చేసేవారికి జీతం ఎవరు ఇస్తున్నారు, చట్టం ఎవరికి అండగా ఉంది, కౌంటరులో కూర్చున్న మనిషికి నిర్ణయం తీసుకునే అధికారం ఎంత ఉంది, ఎదురుగా నిలబడ్డవాడు ఆ మనిషిని ఎలా చూస్తున్నాడు: ఈ నాలుగు అంశాలను పరిశీలిస్తే చాలా తేడాలకు కారణం తెలుస్తుంది.

చారిత్రక నేపథ్యం

బేరమాడే అవసరం లేని దుకాణం ఆధునిక సేవకు తొలిమెట్టు. మిత్సుయి తకతోషి 1673లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఎచిగోయా అనే బట్టల దుకాణం తెరిచాడు. అప్పటి బట్టల వర్తకులు సంపన్నుల ఇళ్లకు సరుకు పట్టుకెళ్లేవారు. మనిషిని బట్టి ధర చెప్పి, డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వసూలు చేసుకునేవారు. అరువు మునిగే ప్రమాదాన్ని కూడా ధరలోనే కలిపేవారు. ఎచిగోయా 1683లో ఈ పద్ధతిని తిరగరాసింది. ఎవరొచ్చినా ఒకే ధర, చెల్లింపు నగదులోనే. తాను మొత్తం కొననక్కర్లేదు, కావలసినంత ముక్క కత్తిరించి ఇచ్చేవారు. దాంతో మామూలు జనం కూడా ధైర్యంగా గుమ్మం ఎక్కగలిగారు. ఈ దుకాణమే తర్వాతి కాలంలో మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్ అయింది.

ఐరోపాలో ఇలాంటి మార్పు పారిస్‌లోని బాన్ మార్షేతో ఊపందుకుంది. 1852లో అందులో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో, ధర రాసి ఉంచడం, కొనకపోయినా లోపల తిరిగి చూడనివ్వడం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం వంటి పద్ధతులను స్థిరపరిచాడు. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ వానమేకర్, షికాగోకు చెందిన మార్షల్ ఫీల్డ్ ఇదే బాట పట్టారు. ఫీల్డ్ దగ్గర పనిచేసిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ 1909లో లండన్‌లో సొంత దుకాణం తెరిచాడు. కొనేవారి మాటే ఎప్పుడూ ఒప్పు అన్న వ్యాపార నినాదం ఈ తరం వర్తకుల పేర్లతోనే ముడిపడి ఉంది.

శ్రామికుల హక్కులు మరో దారిలో పెరిగాయి. పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో తన మొట్టమొదటి ఒప్పందంగా ఆమోదించింది. భారత్ 1921లో దానికి సమ్మతి తెలిపింది. వినియోగదారుల హక్కుల విషయంలో 1962 మార్చి 15 ముఖ్యమైన తేదీ. భద్రత, సమాచారం, ఎంపిక, తమ గోడు వినిపించుకోవడం అనే 4 హక్కులను అమెరికా అధ్యక్షుడు కెన్నడీ ఆ రోజు తమ చట్టసభకు వివరించారు. ఐక్యరాజ్యసమితి 1985లో వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. కొనేవారి హక్కులు, పనిచేసేవారి హక్కులు ఇలా వేర్వేరు చట్టాలుగా ఎదిగాయి. అవి రెండూ కలవాల్సిన చోటు కౌంటరు. చాలా దేశాల్లో చిక్కు అక్కడే ఉంది.

కొలమానాలు

సేవ నాణ్యతను కొలవడానికి పరశురామన్, జైథమల్, బెర్రీ అనే పరిశోధకులు 1988లో ప్రకటించిన సర్వ్‌క్వాల్ పద్ధతి బాగా వాడుకలో ఉంది. చెప్పినట్టు చేయడం, వెంటనే స్పందించడం, నమ్మకం కలిగించడం, ఎదుటివారి స్థితిని అర్థం చేసుకోవడం, పరిసరాలు, పరికరాలు శుభ్రంగా పొందికగా ఉండడం అనే 5 కోణాల్లో అది కొలుస్తుంది. వినియోగదారుల సంతృప్తికి జాతీయ సూచీని స్వీడన్ 1989లోనూ అమెరికా 1994లోనూ మొదలుపెట్టాయి. ఈ సూచీలతో దేశాలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సంతృప్తి ఆశను బట్టి ఉంటుంది. రైలు అర నిమిషం అటూ ఇటూ అయినా లోపంగా భావించే చోట, గంట ఆలస్యాన్ని మామూలుగా తీసుకునే చోట జనం ఇచ్చే మార్కులకు ఒకే అర్థం ఉండదు.

పని గంటల లెక్కతోనూ తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఓఈసీడీ గణాంకాల ప్రకారం 2023లో ఒక్కో కార్మికుడు సగటున చేసిన పని మెక్సికోలో సుమారు 2,200 గంటలు, దక్షిణ కొరియాలో 1,870, అమెరికాలో 1,800, జపాన్‌లో 1,610, జర్మనీలో 1,340 గంటలు. గంటకు జరిగే ఉత్పత్తి విలువలో మాత్రం మెక్సికో కంటే జర్మనీ ఎంతో ముందుంది. యంత్రాలు, శిక్షణ, పని నిర్వహణ ఎలా ఉన్నాయన్నది ఎన్ని గంటలు కూర్చున్నారన్న దానికన్నా ముఖ్యమని ఈ అంకెలు చెబుతున్నాయి.

జపాన్

అతిథి అడగకముందే అవసరం గ్రహించి సమకూర్చడం జపాన్ సేవలో గొప్పగా చెప్పుకునే గుణం. అక్కడ టిప్పు ఇచ్చే ఆనవాయితీ లేదు. మర్యాద కూడా జీతం తీసుకుని చేసే పనిలో భాగమే. టోక్యో స్టేషనులో బుల్లెట్ రైలు మళ్లీ బయలుదేరేలోగా శుభ్రం చేయడానికి సిబ్బందికి దొరికేది సుమారు 7 నిమిషాలు. ఆ వ్యవధిలో చెత్త ఏరి, సీట్లను ప్రయాణ దిశకు తిప్పి, నేల తుడిచి, దిగి వరుసగా నిలబడి ప్రయాణికులకు వంగి నమస్కరిస్తారు. 2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు ఒక స్టేషను నుంచి 20 సెకన్లు ముందుగా కదిలినందుకు ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

ఈ క్రమశిక్షణకు జపాన్ కార్మికులు భారీ మూల్యం చెల్లించారు. అతిగా పనిచేసి గుండెపోటుతోనో మెదడులో రక్తస్రావంతోనో చనిపోవడాన్ని అక్కడ కరోషి అంటారు. 1969లో వార్తాపత్రికల రవాణా విభాగంలో పనిచేసిన 29 ఏళ్ల యువకుడి మరణాన్ని ఇలాంటి తొలి ఉదంతంగా పేర్కొంటారు. దీని నివారణకు 2014లో ప్రత్యేక చట్టం చేశారు. 2018 నాటి సంస్కరణల చట్టం ఓవర్‌టైమ్‌ను సాధారణంగా నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలకు పరిమితం చేసింది. సేవ పొందేవారి దౌర్జన్యాన్ని అరికట్టేందుకు టోక్యో మహానగర పాలక మండలి 2024లో ప్రత్యేక నిబంధన ఆమోదించింది. అది 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కొనేవారిని దేవుళ్లుగా చూసిన సమాజమే ఆ దేవుళ్లకూ హద్దు గీయాల్సి వచ్చింది.

దక్షిణ కొరియా, చైనా

దక్షిణ కొరియాలో పై స్థాయి వ్యక్తి కింది వ్యక్తి మీద చలాయించే పెత్తనం పెద్ద సామాజిక చర్చకు దారితీసింది. 2014 డిసెంబరులో కొరియన్ ఎయిర్ యాజమాన్య కుటుంబ సభ్యురాలు ఒకరు తనకు గింజలు ప్యాకెట్టులో ఇచ్చారన్న కోపంతో న్యూయార్క్‌లో బయలుదేరిన విమానాన్ని గేటు దగ్గరకు వెనక్కి మళ్లించారు. ఈ ఘటన మీద దేశమంతా ఆగ్రహం వెల్లువెత్తింది. 2018 జులై నుంచి వారపు గరిష్ఠ పని గంటలను 68 నుంచి 52కు దశలవారీగా తగ్గించారు. అదే ఏడాది అక్టోబరులో, దురుసుగా ప్రవర్తించే వినియోగదారుల నుంచి సిబ్బందిని కాపాడే బాధ్యతను యజమానుల మీద పెట్టే సవరణ అమల్లోకి వచ్చింది.

చైనాలో సేవల రంగం స్వరూపం ఒక్క తరంలోనే మారింది. సిచువాన్ రాష్ట్రంలోని జియాన్‌యాంగ్‌లో 1994లో మొదలైన హైదీలావ్ రెస్టారెంట్లు, బల్ల కోసం వేచి ఉన్నవారికి చిరుతిళ్లు పెట్టడం, ఉచితంగా గోళ్లు తీర్చిదిద్దడం వంటి మర్యాదలతో పేరు తెచ్చుకున్నాయి. మరోవైపు టెక్ కంపెనీల్లో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు పనిచేయించే 996 పద్ధతి పాతుకుపోయింది. ఇది చట్టవిరుద్ధమని సుప్రీం పీపుల్స్ కోర్టు, కార్మిక మంత్రిత్వ శాఖ 2021 ఆగస్టులో స్పష్టం చేశాయి. ఈ పరుగు మాకొద్దంటూ యువత పక్కకు తప్పుకునే ధోరణి కూడా ఆ ఏడాదే బలంగా కనిపించింది.

అమెరికా

చిరునవ్వుతో పలకరించడం, కొన్న వస్తువును పెద్దగా ప్రశ్నలు అడగకుండా వెనక్కి తీసుకోవడం, ఏ వేళలోనైనా ఫోన్‌లో అందుబాటులో ఉండడం అమెరికా సేవలకు గుర్తులు. పిలిచేవారికి ఖర్చు లేని 800 ఫోను నంబర్లను ఏటీ అండ్ టీ 1967లో ప్రవేశపెట్టింది. కొన్ని సంస్థలు సిబ్బందికి గణనీయమైన అధికారం ఇస్తాయి. రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లలో ఒక అతిథి సమస్య తీర్చడానికి ఉద్యోగి ఎవరి అనుమతీ లేకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు చేయవచ్చు.

అయితే రెస్టారెంట్‌లో కనిపించే చిరునవ్వుకు జీతంతో నేరుగా లంకె ఉంది. టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం సమాఖ్య చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది మారలేదు. మిగతావారికి 2009 నుంచి 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువే నిర్ణయించాయి. తక్కువగా ఉన్నచోట మాత్రం వడ్డించే మనిషి ఇంటి అద్దె, భోజనం చేసినవారి దయ మీద ఆధారపడి ఉంటుంది. వేతనంతో కూడిన సెలవులకు హామీ ఇచ్చే సమాఖ్య చట్టం కూడా అక్కడ లేదు.

జర్మనీ, ఫ్రాన్స్

జర్మనీలో సేవను మాట తీపిని బట్టి కాక పరిజ్ఞానాన్ని బట్టి అంచనా వేస్తారు. దుకాణంలో అమ్మకాల పనికి సైతం 2 నుంచి 3 ఏళ్ల శిక్షణ ఉంటుంది. కొంత కాలం వృత్తి పాఠశాలలో, మిగతా కాలం పనిచేసే చోట నేర్చుకుంటారు. వస్తువు గురించి అడిగితే సూటిగా, పూర్తిగా చెబుతారు. విశ్రాంతికి అక్కడ రాజ్యాంగ రక్షణ ఉంది. ఆదివారం ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి. 1956 నాటి దుకాణాల వేళల చట్టం సాయంత్రపు అమ్మకాలను కూడా కట్టడి చేసింది. 1996లో దాన్ని సడలించి, 2006లో వేళలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రాలకు వదిలారు.

వాల్‌మార్ట్ 1997లో జర్మనీకి వచ్చి, గుమ్మంలో పలకరించే మనుషులను, సంచిలో సరుకులు సర్ది ఇచ్చే సిబ్బందిని పెట్టింది. అక్కడి కొనుగోలుదారులకు అది అతిగా అనిపించింది. కార్మిక సంఘాలతో పొసగకపోవడం, స్థానిక చౌక దుకాణాల పోటీ అంతకన్నా పెద్ద దెబ్బ తీశాయి. 2006లో ఆ సంస్థ తన దుకాణాలను అమ్ముకుని వెళ్లిపోయింది. ఒక దేశంలో మర్యాదగా చెల్లేది మరో దేశంలో చొరబాటుగా తోచవచ్చనడానికి నిర్వహణ శాస్త్ర పాఠాల్లో దీన్ని ఉదాహరణగా చూపిస్తారు.

ఫ్రాన్స్‌లో దుకాణంలోకి అడుగుపెట్టినవారు ముందుగా పలకరించడం కనీస మర్యాద. అలా పలకరించకుండా నేరుగా బేరంలోకి దిగితే అమ్మే మనిషి ముఖం ముడుచుకోవడం మామూలే. ఇద్దరూ సమానులన్న భావన అందులో ఉంది. భోజనం ధరలోనే సేవా రుసుము కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు ఇవ్వాల్సిన బలవంతం లేదు. 1936లో 2 వారాలతో మొదలైన జీతంతో కూడిన సెలవు 1982 నాటికి 5 వారాలకు చేరింది. పనివేళల తర్వాత ఆఫీసు ఫోన్లకు, ఈమెయిళ్లకు దూరంగా ఉండే హక్కు 2017 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

సింగపూర్, గల్ఫ్ దేశాలు

సింగపూర్ ప్రభుత్వం మర్యాదను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టి 1979లో జాతీయ మర్యాద ఉద్యమం ప్రారంభించింది. 1982లో సింగా అనే సింహం బొమ్మ దానికి గుర్తుగా వచ్చింది. దుకాణదారులకూ కొనేవారికీ, బస్సు నడిపేవారికీ ఎక్కేవారికీ కలిపి ప్రచారం చేయడం దీని ప్రత్యేకత.

గల్ఫ్ నగరాల హోటళ్లు, విమానాశ్రయాలు, మాల్‌లలో మెరుగైన సేవ అందించేది ఎక్కువగా వలస కార్మికులే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి, రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. కార్మికుడి వీసాను యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతిలో సేవ వెనుక భయం కూడా పనిచేస్తుంది. ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి తప్పనిసరి అన్న నియమాన్ని ఖతర్ 2020లో తొలగించి, మరుసటి ఏడాది నెలకు 1,000 రియాళ్ల కనీస మూల వేతనాన్ని అమలు చేసింది. ఊళ్లో పని దొరకక వెళ్లినవారే అక్కడ వేళ తప్పకుండా, నాణ్యంగా పనిచేసి పేరు తెచ్చుకున్నారు. మన జిల్లాల మనుషులకు పని చేతకాదనేవారికి వారి జీవితాలే సమాధానం.

సోమరి జాతులన్న అపోహ

ఇప్పుడు కష్టజీవులుగా పేరున్న జపనీయులను ఒకప్పుడు సోమరులన్నారు. జపాన్‌లో ఏళ్ల తరబడి ఉన్న అమెరికన్ మిషనరీ సిడ్నీ గ్యులిక్, అక్కడివారిలో చాలామంది కాలం విలువ పట్టనివారిగా కనిపిస్తారని 1903లో రాశాడు. 1915లో జపాన్ కర్మాగారాలు చూసిన ఆస్ట్రేలియా నిపుణుడు ఒకరు ఆ కార్మికులకు పని వేగం లేదని అక్కడి అధికారులకే చెప్పాడు. ఆర్థికవేత్త హా-జూన్ చాంగ్ 2007లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి వ్యాఖ్యలను ఒకచోట చేర్చాడు. పారిశ్రామికీకరణకు ముందు జర్మన్ల గురించి ఆంగ్లేయులు అన్న ఇటువంటి మాటలనూ చూపించాడు. ఆ తర్వాత పరిశ్రమలు, శిక్షణ పెరిగాయి. 1950లో అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ జపాన్ ఇంజినీర్లకు నాణ్యత నియంత్రణ పాఠాలు చెప్పాడు. కొన్ని దశాబ్దాల్లో ఆ దేశపు పేరే నాణ్యతకు మారుపేరైంది.

సోవియట్ యూనియన్ అనుభవమూ ఇదే చెబుతుంది. అక్కడి ప్రభుత్వ దుకాణాల్లో వస్తువు చూసుకోవడానికి ఒక వరుస, డబ్బు కట్టడానికి ఇంకో వరుస, రసీదు చూపి వస్తువు తీసుకోవడానికి మూడో వరుస ఉండేవి. ప్రతి దుకాణంలో ఫిర్యాదుల పుస్తకం వేలాడేది. కానీ సరుకే కొరతైనప్పుడు కొనేవారిని మెప్పించాల్సిన అవసరం అమ్మేవారికి లేదు. 1990 జనవరి 31న మాస్కోలో తొలి మెక్‌డొనాల్డ్స్ తెరుచుకున్నప్పుడు మొదటి రోజే 30,000 మందికి పైగా వచ్చారు. అంతమందికీ చురుగ్గా, నవ్వుతూ వడ్డించినవారు అదే నగరపు యువతీయువకులు. మారింది మనుషులు కాదు, వారికి అందిన శిక్షణ, జీతం, సరుకు సరఫరా.

భారత్

1991 సంస్కరణలకు ముందు భారత్‌లోనూ కొరత రాజ్యమేలింది. టెలిఫోన్ కనెక్షన్‌కు, స్కూటర్‌కు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. వేచి ఉన్నవాడే బతిమాలుకోవాలి. 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం ఈ స్థితిలో సామాన్యుడికి తొలి ఆయుధమైంది. లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1993లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ సంస్థల సేవలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని తేల్చింది. రుసుము తీసుకుని చేసే వైద్యానికీ ఇది వర్తిస్తుందని 1995లో తీర్పు వచ్చింది. పాత చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. 50 లక్షల రూపాయల దాకా చెల్లించిన వస్తువు, సేవ మీద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. ప్రభుత్వ సేవలకు గడువు విధించే హామీ చట్టాన్ని 2010లో మొదట మధ్యప్రదేశ్ తెచ్చింది.

తెలుగు నేలలో 2001లో హైదరాబాద్‌లో ఈసేవ కేంద్రాలు మొదలయ్యాయి. కరెంటు బిల్లు ఒకచోట, నీటి బిల్లు మరోచోట వరుసలో నిలబడే కష్టాన్ని అవి తగ్గించాయి. 2011లో మొదలైన మీసేవ, ధ్రువపత్రాలకు గడువులు నిర్ణయించి, కొన్నిటిని 15 నిమిషాల్లో ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమయ్యాయి. ఉద్యోగులంతా రాత్రికి రాత్రే మారిపోలేదు. గడువు రాతపూర్వకంగా ఉండడం, దరఖాస్తు నంబరు చేతికి రావడం వల్ల జవాబు చెప్పాల్సిన బాధ్యత పెరిగింది.

మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడ సేవ చేసే పనులు శతాబ్దాల పాటు కులంతో ముడిపడ్డాయి. పల్లెల్లో చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి ఏడాది పొడవునా చేసిన పనికి పంట ఇంటికొచ్చాక మేరగా గింజలు కొలిచేవారు. పని అవసరమే, చేసేవారికి మాత్రం గౌరవం దక్కలేదు. ఆ చూపు నేటికీ హోటల్ కుర్రాడిని, సెక్యూరిటీ గార్డును, డెలివరీ బాయ్‌ని ఏకవచనంతో పిలిచే అలవాటులో కనిపిస్తుంది. తనను మనిషిగా చూడని వ్యక్తికి మనసుపెట్టి సేవ చేయమంటే ఎవరికైనా కష్టమే. మరోవైపు పావు కిలో కూరగాయలు తూచి ఆపైన కరివేపాకు రెమ్మ కొసరు వేసే అలవాటు, ఖాతా పుస్తకంలో నమ్మకంగా అరువు రాసుకునే కిరాణా కొట్టు ఈ నేల మీది మంచి సంప్రదాయాలే. ముఖపరిచయం, పరస్పర గౌరవం ఉన్నచోట చట్టం చెప్పకుండానే మంచి సేవ పుట్టింది.

సేవ చేసేవారి మీద భారం

లోపల ఏమున్నా ముఖాన నవ్వు నిలపడం కూడా శ్రమేనని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన సిబ్బందిని అధ్యయనం చేసి 1983లో వివరించారు. హైదరాబాద్ కాల్‌సెంటర్లలో అమెరికా పగటి వేళకు తగ్గట్టు రాత్రంతా మేల్కొని, యాస మార్చుకుని, ఎక్కడో ఉన్నవారి కోపాన్ని ఓపికగా విన్న యువతరానికి ఈ శ్రమ బాగా తెలుసు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల 2016లో గుండె జబ్బు, పక్షవాతంతో సుమారు 7,45,000 మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. భారత్‌లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 2023లో అన్నప్పుడు రేగిన చర్చను ఈ అంకె పక్కన పెట్టి చూడాలి. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికులను 2020 సామాజిక భద్రతా స్మృతి తొలిసారిగా చట్టంలో గుర్తించింది. నిమిషాల్లో సరుకు ఇంటికి చేరాలన్న ఆశకు వారే రోడ్డు మీద మూల్యం చెల్లిస్తున్నారు.

పోలిక నుంచి తేలేది

నిలకడగా మంచి సేవ అందే చోట్ల కొన్ని ఏర్పాట్లు ఉమ్మడిగా కనిపిస్తాయి. జీతం నమ్మకంగా అందుతుంది. పనిలో శిక్షణ ఉంటుంది. సమస్యను అక్కడికక్కడే తీర్చే అధికారం సిబ్బందికి ఉంటుంది. మాట తప్పితే ఫిర్యాదుకు దారి ఉంటుంది. విశ్రాంతికి, గౌరవానికి చట్టం కాపలా ఉంటుంది. జపాన్ నుంచి శ్రద్ధను, జర్మనీ నుంచి శిక్షణను, ఫ్రాన్స్ నుంచి సమానత్వ భావనను, అమెరికా నుంచి సిబ్బందికి ఇచ్చే స్వేచ్ఛను ఏ సమాజమైనా నేర్చుకోవచ్చు. కరోషిని, టిప్పు మీద బతికే బతుకును, కఫాలాను నేర్చుకోనక్కర్లేదు. నాసిరకం సేవ మీద ఫిర్యాదు చేయడం పౌరుడి హక్కు. ఆ ఫిర్యాదును కౌంటరులో ఉన్న చిరుద్యోగి మీద అరుపుగా కాక, జీతాలు, గడువులు, నియమాలు నిర్ణయించే స్థాయికి చేర్చగలిగితేనే రెండు వైపులా నిలబడ్డ మనుషులకు మేలు జరుగుతుంది.